స్ప్రింగుకు ఒకవైపు బ్లాకు, ఒకవైపు కడ్డీ: ఆవర్తన కాలానికి ఏ జవాబు సరైంది?

పీలేరు పిల్లోడు
అందరికీ నమస్కారం. ఒక లెక్క పెడతా ఉన్నా, చూడండి.

ఘర్షణ లేని బల్లమీద 60 సెం.మీ. పొడవు, 1.2 కిలోల బరువున్న ఏకరీతి కడ్డీ పడుకోబెట్టి ఉంది. దాని ఒక కొనకు, కడ్డీకి లంబంగా ఒక స్ప్రింగు. స్ప్రింగు రెండో చివర 300 గ్రాముల బ్లాకు. స్ప్రింగ్ స్థిరాంకం మీటరుకు 60 న్యూటన్లు. దేన్నీ ఎక్కడా బిగించలేదు. స్ప్రింగును కొంచెం సాగదీసి రెండింటినీ ఒకేసారి వదిలేస్తే ఆవర్తన కాలం ఎంత?

ఆప్షన్లు: 0.444 సె., 0.397 సె., 0.336 సె., 0.314 సె.

రెడ్యూస్డ్ మాస్ సూత్రం (రెండు ద్రవ్యరాశుల లబ్ధం బై వాటి మొత్తం) వాడితే 0.397 వస్తుంది. కడ్డీ తిరుగుతుంది కాబట్టి మూడో వంతు ద్రవ్యరాశి తీసుకోవాలని చెప్పేవాళ్లకు 0.336 వస్తుంది. ఏది పట్టుకోవాల అన్నా?

చంద్రగిరి కోట
నాలుగు ఆప్షన్లలో ఏదీ గాలివాటంగా ఇచ్చింది కాదు. ఒక్కోటి ఒక్కో వేరే ప్రశ్నకు సరైన జవాబు.

0.444: కడ్డీని పూర్తిగా కదలకుండా బిగిస్తే వచ్చేది. బ్లాకు ఒక్కటే ఆడుతుంది.
0.397: స్ప్రింగును కడ్డీ నడిమధ్యన కడితే వచ్చేది. కడ్డీ తిరగదు, మొత్తం 1.2 కిలోలూ ఒక ముద్దగా కదులుతుంది.
0.336: కడ్డీ అవతలి కొనకు మేకు కొట్టి, ఆ మేకు చుట్టూ తిరగనిస్తే వచ్చేది. మూడో వంతు అన్న మాట అక్కడిది.

నీ లెక్కలో మేకు లేదు, స్ప్రింగు మధ్యలోనూ లేదు. మిగిలింది 0.314. మిగిలింది కాబట్టి టిక్కు పెట్టడం కాదు, ఎందుకో రాబట్టి చూడాలి.

స్వర్ణముఖి
రాబడదాం. టైపు చేయడానికి వీలుగా గుర్తులు ఇవి: బ్లాకు ద్రవ్యరాశి బ, కడ్డీ ద్రవ్యరాశి క, కడ్డీ పొడవు ల, స్ప్రింగ్ స్థిరాంకం స, ఏదో ఒక క్షణంలో స్ప్రింగు సాగుదల సా.

స్ప్రింగు సా మేర సాగి ఉన్నప్పుడు రెండు చివర్లనూ స×సా బలంతో లోపలికి లాగుతుంది. ఆ ఒక్క బలం మూడు పనులు చేస్తుంది.

బ్లాకుకు కడ్డీ వైపు త్వరణం: స×సా/బ.
కడ్డీ ద్రవ్యరాశి కేంద్రానికి బ్లాకు వైపు త్వరణం: స×సా/క. బలం కొనమీద పడినా సరే, కేంద్రం త్వరణం మాత్రం మొత్తం బలం బై మొత్తం ద్రవ్యరాశే. చాలామంది తడబడేది ఇక్కడే.
కేంద్రం చుట్టూ కడ్డీకి కోణీయ త్వరణం: టార్క్ స×సా×ల/2, జడత్వ భ్రామకం క×ల²/12. భాగిస్తే 6×స×సా/(క×ల). దీన్ని ల/2తో గుణిస్తే, తిరగడం వల్ల కొనకు వచ్చే త్వరణం 3×స×సా/క.

కొన మొత్తం త్వరణం: కేంద్రంతో పాటు వచ్చింది 1, తిరగడం వల్ల వచ్చింది 3, కలిపి 4×స×సా/క. అంటే స్ప్రింగుకు ఆ కొన దగ్గర తగిలే ద్రవ్యరాశి క/4. 1.2 కిలోల కడ్డీ కొన దగ్గర 300 గ్రాముల వస్తువులాగే ప్రవర్తిస్తుంది.

ఇక సాగుదల తగ్గే త్వరణం = స×సా×(1/బ + 4/క). సరళ హరాత్మక చలనంలో ఇది ఒమేగా²×సా, ఒమేగా అంటే కోణీయ పౌనఃపున్యం. అంటే

ఒమేగా² = స×(1/బ + 4/క) = 60×(3.333 + 3.333) = 400

ఒమేగా 20, ఆవర్తన కాలం 6.283/20 = 0.314 సె.

ఇక్కడ ల ఎగిరిపోయింది, గమనించండి. కడ్డీ 60 సెం.మీ. ఉన్నా 2 మీటర్లు ఉన్నా, బరువు అంతే అయితే, స్ప్రింగు కొనకే కట్టి ఉంటే ఆవర్తన కాలం మారదు.

పీలేరు పిల్లోడు
బాగా అర్థమైంది మేడమ్. ఒక్క సందేహం. స్ప్రింగు కొనకూ కాకుండా మధ్యకూ కాకుండా ఎక్కడో కడితే?

స్వర్ణముఖి
కేంద్రం నుంచి దూరాన్ని దూ అనుకో. అదే మూడు వరసలు మళ్లీ రాస్తే, తగిలే ద్రవ్యరాశి = క ÷ (1 + 12×దూ²/ల²). దూ సున్నా అయితే క, దూ = ల/2 అయితే క/4. మధ్యలో ఏ చోటికైనా ఈ రెంటి మధ్యే ఉంటుంది. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే ఇలాంటి లెక్కలకు విడివిడిగా బట్టీ అక్కర్లేదు.

ఏకరీతి కడ్డీ కాకుంటే ల²/12 బదులు దాని గైరేషన్ వ్యాసార్థం వర్గం (కేంద్రం చుట్టూ జడత్వ భ్రామకం బై ద్రవ్యరాశి) పెట్టుకోవాలి. మిగతాదంతా ఇదే.

తలకోన
రెండు అభ్యంతరాలు. ఒకటి, కడ్డీ తిరిగేకొద్దీ కొన వృత్తంలో పోతుంది, స్ప్రింగు వాలుతుంది. అప్పుడు లంబం అన్న మాట చెల్లుతుందా? రెండు, స్వేచ్ఛగా ఉన్న కడ్డీ అలా తిరుగుతూ పోతుందేమో, డోలనమే ఎందుకు?

స్వర్ణముఖి
మొదటిదానికి అంకెలు వేద్దాం. స్ప్రింగును 2 సెం.మీ. సాగదీసి వదిలామనుకోండి. తగిలే ద్రవ్యరాశులు రెండువైపులా 300 గ్రాములే కాబట్టి బ్లాకు 10 మి.మీ., కడ్డీ కొన 10 మి.మీ. ఎదురెదురుగా ఆడతాయి. కొన కదిలే 10లో కేంద్రం వాటా 2.5, తిరగడం వాటా 7.5. కోణం 7.5/300 = 0.025 రేడియన్లు, ఒకటిన్నర డిగ్రీ కూడా లేదు. ఆ కోణానికి కొన కడ్డీ పొడవు దిశలో లోపలికి జరిగేది 0.1 మి.మీ. లోపే. పైగా సమతాస్థితిలో స్ప్రింగులో బిగువు సున్నా, కాబట్టి కొంచెం వాలినా కొత్తగా పక్క బలం పుట్టదు. ముందే బిగించి పెట్టిన స్ప్రింగు అయితే మాత్రం వాలు లెక్కలోకి వస్తుంది.

రెండోది: కడ్డీకి తిరుగుతూ పోయే చలనం, మొత్తం వ్యవస్థ జారిపోయే చలనం రెండూ నిజంగానే ఉన్నాయి. వాటి పౌనఃపున్యం సున్నా, వెనక్కు లాగే బలం ఏదీ లేదు. కానీ నిశ్చలంగా ఉంచి ఒకేసారి వదిలితే ద్రవ్యవేగమూ కోణీయ ద్రవ్యవేగమూ రెండూ సున్నాతోనే మొదలవుతాయి, సున్నాగానే ఉంటాయి. అందుకే ప్రశ్నలో "నిశ్చలంగా వదిలితే", "ఒకేసారి" అన్న మాటలు ఉండి తీరాలి. ఒక చేయి ముందు, ఒక చేయి తర్వాత తీస్తే డోలనంతో పాటు జారుడూ తిరుగుడూ కలుస్తాయి.

చంద్రగిరి కోట
పై అంకెల్లో ఇంకో అందం ఉంది. స్ప్రింగు కట్టిన కొన 10 మి.మీ. ఇటు కదిలితే, కేంద్రం 2.5 ఇటు, అవతలి కొన 2.5 తీసివేత 7.5, అంటే 5 మి.మీ. అటు. మధ్యలో ఎక్కడో ఒక బిందువు అసలు కదలదు. అది కేంద్రానికి అవతల 10 సెం.మీ. దగ్గర, అంటే స్ప్రింగు కొన నుంచి 40 సెం.మీ., పొడవులో మూడింట రెండు వంతులు. అక్కడ సన్నటి పిన్ను గుచ్చినా ఆవర్తన కాలం మారదు. సరిచూసుకోండి: ఆ బిందువు చుట్టూ జడత్వ భ్రామకం క×ల²/9, కొన దూరం 2ల/3, తగిలే ద్రవ్యరాశి (1/9)÷(4/9) = 1/4. మళ్లీ క/4.

పిల్లలకు చెప్పేటప్పుడు నేనైతే ఇదే ముందు చెబుతాను. సమీకరణాలు తర్వాత రాసినా పరవాలేదు, కడ్డీ ఎట్ల ఊగుతుందో కంటికి కట్టాలి.

కుప్పం గ్రానైట్
దీన్ని చేసి చూపించాలంటే ఎట్ల? మా జిల్లాలో పాలిష్ చేసిన గ్రానైటు పలకలకు కొదవ లేదు. మూడడుగుల పలక తెచ్చి, రసమట్టం పెట్టి సమంగా పరిస్తే చాలదా?

ఏర్పేడు యాంత్రికం
చాలదు. అద్దంలా మెరిసినంత మాత్రాన ఘర్షణ పోదు. ఘర్షణ గుణకం 0.2 అనుకుందాం. బ్లాకుమీద ఘర్షణ 0.2×0.3×9.78, దాదాపు 0.59 న్యూటన్లు. 60తో భాగిస్తే 9.8 మి.మీ. అంటే స్ప్రింగు సాగుదల 9.8 మి.మీ. లోపు ఉంటే బ్లాకు ఉన్నచోటే ఉండిపోతుంది. 2 సెం.మీ. సాగదీసి వదిలితే ఒక్క ఊపు కూడా పూర్తికాదు. నూనె రాస్తే జిగట తోడవుతుంది, మేలేమీ లేదు. ఎయిర్ టేబుల్ ఉన్న ల్యాబు అయితే సరే.

లేకుంటే రెండింటినీ దారాలతో వేలాడదీయడమే దారి. బల్ల వద్దు. గురుత్వం కొంచెం కలుస్తుంది గానీ దాన్ని కచ్చితంగా లెక్కకట్టవచ్చు.

కడ్డీకి 18 మి.మీ. నున్నటి గుండ్రటి ఇనుప కమ్మీ తీసుకోండి. గాడులున్న కట్టుబడి కమ్మీ వద్దు, అడ్డకొలత అన్నిచోట్లా ఒకటిగా ఉండదు. మేస్త్రీలు వాడే లెక్క తెలిసిందే: మి.మీ.లలో వ్యాసం వర్గం బై 162, మీటరుకు కిలోలు. 18×18/162 = 2. కాబట్టి 60 సెం.మీ. ముక్క 1.2 కిలోలు వస్తుంది. కోసిన తర్వాత తూకం వేసి అసలు అంకె రాసుకోవాలి.

దారాలు కడ్డీకి ఎక్కడ కట్టాలన్నదే కీలకం. రెండు కొనలకు కడితే కడ్డీ ముందుకు వెనక్కు ఊగే వేగం ఒకటి, తిరిగి ఊగే వేగం ఇంకొకటి అవుతుంది, లెక్క చిక్కుపడుతుంది. కేంద్రానికి ఇరువైపులా ల/√12 దూరంలో కట్టండి. మన కడ్డీకి అది 17.3 సెం.మీ. అప్పుడు రెండు ఊపులకూ ఒమేగా² ఒకటే: గురుత్వ త్వరణం బై దారం ఎత్తు. బ్లాకునూ అదే ఎత్తు నుంచి వేలాడదీస్తే మొత్తం సూత్రం ఇలా తేలుతుంది:

ఒమేగా² = స×(1/బ + 4/క) + గురుత్వ త్వరణం/ఎత్తు

ఎత్తు 2 మీటర్లయితే రెండో పదం 4.89. మొదటిది 400. ఆవర్తన కాలం 0.314 నుంచి 0.312కు తగ్గుతుంది, అంతే.

బ్లాకుకు ఒక్క దారం కడితే పక్కలకు కూడా ఊగుతుంది. రెండు దారాలు తిరగేసిన "^" ఆకారంలో, అంటే పైన వెడల్పు, కింద కలిసేలా కట్టండి. ఆ వెడల్పు స్ప్రింగుకు అడ్డ దిశలో ఉండాలి. ఎత్తు అంటే నిలువు ఎత్తు, దారం పొడవు కాదు. నైలాన్ గేలపు దారం సాగుతుంది, బరువు పైకీ కిందికీ ఎగురుతుంది. పాలిస్టర్ మందపు దారం మేలు.

తలకోన
స్ప్రింగు ఏ రకం?

ఏర్పేడు యాంత్రికం
చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండే స్ప్రింగు ఇక్కడ పనికిరాదు. అది లాగగలదు గానీ నెట్టలేదు. సగం ఊపులో చుట్లు కొట్టుకుని ఆగిపోతాయి. చుట్ల మధ్య ఖాళీ ఉన్నది కావాలి. పొడవు దాని వ్యాసానికి నాలుగు రెట్లు దాటితే నొక్కినప్పుడు పక్కకు వంగుతుంది, కాబట్టి 2.5 సెం.మీ. వ్యాసానికి 8 సెం.మీ. పొడవు సరిపోతుంది. చివర్లు కొక్కేనికి వదులుగా తగిలించవద్దు. బిగించాలి, లేకుంటే దిశ మారిన ప్రతిసారీ ఆ వదులులో టక్కుమంటుంది.

స్థిరాంకం కొలవడానికి 100 గ్రాముల చొప్పున బరువులు వేలాడదీసి సాగుదల గీత గీయండి, వాలు మాత్రమే తీసుకోండి. 60 ఉండాలంటే 100 గ్రాములకు 16.3 మి.మీ. సాగాలి. తిరుపతిలో గురుత్వ త్వరణం 9.78. అలవాటుగా 9.81 వేస్తే స్థిరాంకం 0.3 శాతం ఎక్కువ చూపిస్తుంది.

వదలడానికి చేతులు వాడవద్దు. బ్లాకునూ కడ్డీ కొననూ సన్న దారంతో దగ్గరికి కట్టి స్ప్రింగును ఒక సెం.మీ. నొక్కి పెట్టండి. ఊగడం పూర్తిగా ఆగాక ఊదుబత్తితో దారం కాల్చండి. రెండూ ఒకే క్షణంలో విడుదలవుతాయి. చేత్తో వదిలితే మొత్తం వ్యవస్థ 2.8 సెకన్ల నెమ్మది ఊపులో పడి, అసలు డోలనం దానిమీద స్వారీ చేస్తుంది.

స్టాప్‌వాచీ పక్కన పెట్టండి. సెకనుకు మూడుసార్లు ఊగేదాన్ని కంటితో లెక్కపెట్టడం కష్టం. ఫోనులో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ తీసి 20 డోలనాలకు ఫ్రేములు లెక్కించండి. 0.314 సెకన్లకు దాదాపు 1508 రావాలి.

పీలేరు పిల్లోడు
ఫోనునే బ్లాకుమీద కట్టి ఫైఫాక్స్ యాప్‌తో త్వరణం తీస్తే సులభం కదన్నా?

ఏర్పేడు యాంత్రికం
తీయొచ్చు. ఫోను బరువును బ్లాకులో కలిపి మొత్తం 300 గ్రాములయ్యేలా చూసుకో. ఫోను కేంద్రం దారాల మధ్యకు రాకుంటే బ్లాకు పక్కకు ఒరుగుతుంది.

చంద్రగిరి కోట
ఎక్కువ మందికి తేడా వచ్చేది స్ప్రింగును కడ్డీకి బిగించే కొక్కెం దగ్గర. అది కాస్త వివరంగా చెప్పుకోవాలి.

కమ్మీకి సరిగ్గా చివరి అంచున రంధ్రం వేయలేం. ఒక సెం.మీ. లోపలికి వస్తుంది. కేంద్రం నుంచి 29 సెం.మీ. స్వర్ణముఖి గారి సూత్రంలో పెడితే 1.2÷3.803, అంటే 315.5 గ్రాములు. ఒక్క సెం.మీ.కే 5 శాతం.

కొక్కెం, నట్టు కలిసి 5 గ్రాములే కదా, 1200లో 5 ఎంత అనుకోవద్దు. అవి కొన దగ్గర ఉన్నాయి. అక్కడ కడ్డీ బరువే 300 పైచిలుకు. 5 గ్రాములూ నేరుగా దానికి కలుస్తాయి: 320.5.

స్ప్రింగు సొంత బరువు 30 గ్రాములు అనుకుందాం. ఒక చివర బిగించిన స్ప్రింగుకైతే మూడో వంతు కలుపుతాం. ఇక్కడ రెండు చివర్లూ దాదాపు సమానంగా ఎదురెదురుగా కదులుతాయి, స్ప్రింగు నడుమ నిలిచి ఉంటుంది. కాబట్టి ఒక్కో వైపు ఆరో వంతు, 5 గ్రాములు. కడ్డీ వైపు 325.5, బ్లాకు వైపు 305.

రెడ్యూస్డ్ మాస్ 157.5 గ్రాములు. 60/0.1575 = 381, దారాల వాటా దాదాపు 4.8 కలిపితే 386. ఆవర్తన కాలం 0.320 సె. 20 డోలనాలకు 1535 ఫ్రేములు.

కొక్కేన్ని సరిగ్గా అంచునే అతికించి, దాని బరువు వదిలేశామనుకున్నా ఒక వల ఉంది: స్ప్రింగు బరువు కాలాన్ని పెంచుతుంది, దారాలు తగ్గిస్తాయి, రెండూ దాదాపు కొట్టేసుకుని 0.315 వస్తుంది. పుస్తకం జవాబుకు దగ్గరగా ఉందని సంతోషపడి ఆపేయకూడదు. దారం ఎత్తు సగం చేసి మళ్లీ కొలిస్తే కొట్టివేత చెడిపోయి అసలు సంగతి బయటపడుతుంది.

కుప్పం గ్రానైట్
తిరుమల కొండమీద చేస్తే తేడా వస్తుందా సార్?

చంద్రగిరి కోట
స్ప్రింగు వాటాకు గురుత్వంతో పని లేదు. దారాల వాటా మాత్రం మారుతుంది. 700 మీటర్ల ఎత్తుకు గురుత్వ త్వరణం మారేది మూడో దశాంశంలో. మొత్తం ఒమేగా²లో దారాల వాటాయే ఒక శాతం. ఏ ఫోనుకూ అందదు.

తలకోన
ఒక పుస్తకంలో కడ్డీ పైకొన మేకుకు వేలాడుతూ, కింది కొన స్ప్రింగుతో బల్లమీది బ్లాకుకు కలిసి ఉంది. అక్కడా "ఆవర్తన కాలం కనుక్కోండి" అనే అడిగారు.

స్వర్ణముఖి
ఆ ప్రశ్న అలా అడగడం తప్పు. ఆ వ్యవస్థకు ఒక ఆవర్తన కాలం కాదు, రెండున్నాయి. కింది కొన దగ్గర తగిలే ద్రవ్యరాశి క/3, అంటే 0.4 కిలోలు. గురుత్వం వల్ల అక్కడ అదనంగా క×9.78/(2×ల), అంటే మీటరుకు 9.78 న్యూటన్ల చొప్పున వెనక్కు లాగే బలం. ఒమేగా²ను వి అనుకుంటే:

(69.78 − 0.4×వి)×(60 − 0.3×వి) = 3600

మూలాలు 360.9, 13.55. ఆవర్తన కాలాలు 0.331 సె., 1.71 సె. మొదటిదాంట్లో కడ్డీ కొన, బ్లాకు ఎదురెదురుగా ఆడతాయి. రెండోదాంట్లో రెండూ ఒకే వైపు, స్ప్రింగు పెద్దగా సాగకుండా. ఎలా వదిలారో చెప్పకపోతే రెండూ కలిసిన చలనం వస్తుంది. అది తిరిగి తిరిగి ఒకే తీరున రాదు. ఏ విధానమో చెప్పని ప్రశ్నకు ఒక్క అంకె జవాబు ఇవ్వకండి.

పీలేరు పిల్లోడు
చివరిగా ఒకటి. 40 సెం.మీ. దగ్గర పిన్ను గుచ్చవచ్చన్నారు కదా సార్. కొక్కెం ఒక సెం.మీ. లోపల ఉంటే పిన్ను కూడా జరపాల్నా?

చంద్రగిరి కోట
జరపాలి నాయనా. కేంద్రం నుంచి పిన్ను దూరం = (ల²/12) ÷ కొక్కెం దూరం. 0.03/0.29 = 10.3 సెం.మీ. మూడు మిల్లీమీటర్లు బయటికి. కొక్కెం లోపలికి వచ్చేకొద్దీ పిన్ను బయటికి పోతుంది. కొక్కెం కేంద్రం నుంచి 10 సెం.మీ.కు వస్తే పిన్ను సరిగ్గా అవతలి కొనకు చేరుతుంది. ఇంకా లోపలికి వస్తే కదలని బిందువు కడ్డీమీదే ఉండదు, పిన్ను గుచ్చే చోటు లేదు. అప్పుడు దారాల పద్ధతి ఒక్కటే.